సిగ్నలు పడింది

రైలుస్టేషనులో "సిగ్నలు పడింది" అన్న మాట వినగానే కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు. పిల్లల చేతులు పట్టుకొంటారు. సంచులు ఒకచోటికి చేర్చుకొంటారు. తెలుగునాట ఇది ఎంత అలవాటైన వాక్యమంటే, ఇంతకీ పడినదేమిటన్న ప్రశ్న ఎవరికీ తోచదు. నిజానికి ఇప్పుడు పడేది ఏమీ లేదు. స్తంభం మీద ఒక దీపం ఆరి మరొకటి వెలుగుతుంది, అంతే. ఒకప్పుడు మాత్రం నిజంగానే పడేది. ఎర్రరంగు వేసిన చెక్క రెక్క ఒకటి స్తంభానికి అడ్డంగా నిలిచి ఉండేది. అది వాలితే బండికి దారి ఉన్నట్టు, నిలువకుండా రావచ్చునన్నట్టు. రెక్క పోయింది, క్రియాపదం మిగిలింది.

ఇందులో ఒక తమాషా ఉన్నది. నగరాల కూడళ్లలో ఆటోవాళ్లు కూడా "సిగ్నలు పడింది" అంటారు. అక్కడ ఆ మాటకు అర్థం ఆగమని! పల్లెటూరి స్టేషనులో కదలమని చెప్పిన మాట పట్నం వెళ్లి ఆగమని చెప్పడం నేర్చుకొన్నది. భాషాశాస్త్రజ్ఞులు ఎవరైనా దీని సంగతి చూడాలి.

ఈ మాట నా చెవికి ఇంతగా పట్టడానికి కారణం మా మేనమామ. ఆయన రైల్వేలో సిగ్నలు శాఖలో చిన్న ఉద్యోగి. లాంపుమాన్‌గా చేరి, తీగలు సరిచేసే పనిలోకి మారి, ఆ పనిలోనే 1998లో పదవీ విరమణ చేశాడు. బదిలీల మీద చాలా స్టేషన్లు తిరిగాడు. ఇల్లు మాత్రం రేపల్లెలోనే ఉంచాడు. మా ఊరు భట్టిప్రోలు పక్కన. వేసవి సెలవులన్నీ ఆయన వెంట తిరగడంతోనే సరిపోయేవి.

ఆ ప్రాంతం తెలియనివారి కోసం దారుల సంగతి కొంచెం చెప్పాలి. హౌరా నుంచి చెన్నైకి పోయే పెద్దలైను మీద విజయవాడ దాటాక వచ్చే జంక్షను తెనాలి. పెద్దలైను అక్కడి నుంచి చుండూరు, నిడుబ్రోలు, అప్పికట్ల మీదుగా బాపట్లకు, అటు చీరాలకు పోతుంది. తెనాలి నుంచే పడమరగా గుంటూరుకు ఒక దారి, ఆగ్నేయంగా వేమూరు, భట్టిప్రోలు, పల్లికోనల మీదుగా రేపల్లెకు ఒక దారి. గుంటూరు-రేపల్లె దారి 1916లో మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వారి కాలంలో వచ్చింది. తెనాలి-రేపల్లె మధ్య 34 కిలోమీటర్లు. రేపల్లెతో పట్టాలు అయిపోతాయి. అవతల కృష్ణ, దివిసీమ. మచిలీపట్నం దాకా పట్టాలు వేయాలని మా తాతల నాటి నుంచి అడుగుతూనే ఉన్నారు.

పటం మీద చూస్తే తెనాలి కొసగా, బాపట్ల, రేపల్లె రెండు కాళ్లుగా తలకిందులైన వి అక్షరంలా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రేపల్లె బాపట్ల జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. రేపల్లెవాడు రైలులో తన జిల్లా కేంద్రానికి వెళ్లాలంటే పొరుగు జిల్లాలోని తెనాలి దాకా పైకెక్కి, బండి మారి, మళ్లీ కిందికి దిగాలి. బస్సెక్కుతాడనుకోండి. అయినా ఆ తెనాలిలో బండి మారడమన్నది మా ప్రాంతపువాళ్ల జీవితాల్లో ఒక పెద్ద సంఘటన. కాలేజీలు, ఆస్పత్రులు, పెళ్లిచూపులు, ఉద్యోగాలు అన్నీ ఆ మారే బండి అందడం మీద ఆధారపడి ఉండేవి. నేను బాపట్లలో చదువుకొన్న రోజుల్లో వారానికి రెండుసార్లు ఈ పరీక్షకు కూర్చునేవాణ్ణి.

తెనాలి స్టేషనుకు ఇంకొక చరిత్ర కూడా ఉన్నది. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో జనం ఈ స్టేషనును తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో ఏడుగురు మరణించారు. ఊరిలో రణరంగ చౌక్ వారి పేరనే వెలసింది. చిన్నప్పుడు ఆ చౌక్ ముందునుంచి నడుస్తూ కూడా నేను ఆలోచించినది మాత్రం రేపల్లె బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందా లేదా అనే.

ఆ రేపల్లె బండి గురించి చెప్పుకోవాలి. పెద్దలైనులో పరుగులు తీసి అలసిన పెట్టెలకు మాది వృద్ధాశ్రమం. కొత్త పెట్టెలు మొదట పేరున్న ఎక్స్‌ప్రెస్‌లకు వెళతాయి. కొన్నేళ్లకు అవి ప్యాసింజర్లకు వస్తాయి. ఆ తరువాత మా వంటి శాఖామార్గాలకు దిగుతాయి. కిటికీ రెక్క దించితే పైకి లేవదు, లేపితే నిలవదు. మేము దాన్ని అవమానంగా భావించేవాళ్లం. "రేపల్లె బండి పెట్టె" అన్నది మా ఇంట్లో దేనికైనా చివరి దశ వచ్చినదని చెప్పడానికి వాడుకమాట. నాన్న తన పాత సైకిలును అలాగే పిలిచేవారు.

ఏ పెట్టెల వరుస ఏ దారిలో తిరగాలన్నది ఎవరో ఒక గుమాస్తా ఇష్టానుసారం రాసే వ్యవహారం కాదని మావయ్య చెప్పేవాడు. ఒక బండిగా కట్టిన పెట్టెల వరుసను రైల్వేవారు రేక్ అంటారు. ఆ రేకుకు ఒక లింకు ఉంటుంది. పొద్దున ఒక పేరుతో వచ్చిన వరుసే మధ్యాహ్నం మరొక పేరుతో వెళుతుంది, రాత్రి మూడో ఊరిలో నిద్రిస్తుంది, తెల్లవారి నాలుగో నంబరుతో బయలుదేరుతుంది. రేపల్లెలో నిలబడి "మా బండి ఎందుకు ఆలస్యం?" అని అడిగితే, జవాబు రేపల్లెలో దొరకదు. నిన్న రాత్రి ఎక్కడో ఎవరో గొలుసు లాగిన చోట దొరుకుతుంది. ఉన్న వరుసలు తక్కువ, తిప్పవలసిన బండ్లు ఎక్కువ. ఒక దుప్పటిని నలుగురు కప్పుకొన్నట్టు. కాళ్లు బయటపడేది ఎప్పుడూ చివరనున్నవాడికే.

పెట్టెలకు ఇంజను సమస్య తోడు. విజయవాడ-చెన్నై పెద్దలైను మీద 1980 నాటికి కరెంటు తీగలు పూర్తయ్యాయి. మా శాఖకు లేవు. అంటే తెనాలిలో నిలబడి ఉన్న కరెంటు ఇంజను బాపట్లకు వెళ్లగలదు, విజయవాడకు వెళ్లగలదు. పక్కనే కనిపిస్తున్న రేపల్లె దారిలోకి ఒక్క గజం కూడా రాలేదు. మాకోసం పొగబండి, తరువాత డీజిలు, వేరుగా అట్టిపెట్టాలి. అది పాడైతే బదులు పంపడానికి చుట్టుపక్కల మరొకటి ఉండాలి. అటు గుంటూరుకు వెళితే నా చిన్నతనంలో ఇంకా మీటరుగేజి కూడా ఉండేది. అక్కడి బండ్లు మా పట్టాల మీద నిలబడను కూడా లేవు. ఒకే జిల్లాలో ఇన్ని కులాల బండ్లు! ఎవరి పంక్తి వారిది. గుంటూరు-తెనాలి దారి రెండు వరుసలై తీగలు కూడా వచ్చినది 2019లో. ఆ తరువాతనే రేపల్లె దారికీ తీగలు వచ్చాయి. పెద్దలైనుకూ మాకూ మధ్య దాదాపు నలభై ఏళ్ల ఎడం.

ఇక మావయ్య పని.

రెక్క సిగ్నలుకు ప్రాణం తీగలో ఉంటుంది. కేబినులో మీట లాగితే, పట్టాల పక్కనే చిన్నచిన్న కప్పీల మీదుగా వందల గజాలు పరుగెత్తే ఇనుప తీగ ఆ రెక్కను వాలుస్తుంది. ఎండాకాలంలో తీగ సాగుతుంది. మీట పూర్తిగా లాగినా రెక్క సగమే వాలి, డ్రైవరుకు సందేహంగా కనిపిస్తుంది. చలికాలం తెల్లవారుజామున తీగ బిగుసుకొంటుంది. మీట ముట్టకుండానే రెక్క కాస్త వంగినట్టుంటుంది. రెండూ ప్రమాదమే, రెండోది మరీను. రోజుకు ఎండ ఎంత మారితే తీగను అంత సరిచేస్తూ ఉండాలి. మావయ్య తీగను కాలితో తొక్కి చూసి "ఇవాళ నలభై రెండు డిగ్రీలు" అనేవాడు. మర్నాడు పేపరులో చూస్తే ఒకటి అటో ఇటో ఉండేది.

తీగ తెగితే? రెక్క దానంతట అదే అడ్డంగా నిలిచేట్టు వెనక ఒక బరువు ఉంటుంది. చెడిపోతే ఆపే వైపే చెడిపోవాలన్నది ఆ శాస్త్రానికంతకూ మూలసూత్రం. అది ఊరికే రాలేదు. 1876 జనవరిలో ఇంగ్లండులో అబట్స్ రిప్టన్ అనే చోట మంచు పేరుకొని రెక్కలు వాలినచోటనే బిగుసుకుపోయాయి. దారి ఉన్నదనుకొని వచ్చిన స్కాచ్ ఎక్స్‌ప్రెస్ బొగ్గుబండిని గుద్దుకొన్నది, దాన్ని మరొక బండి గుద్దుకొన్నది. పదమూడు మంది పోయారు. మంచు మొహం చూడని తెనాలిలో, మే నెల ఎండలో, ఆ మంచు నేర్పిన పాఠాన్ని మా మావయ్య కాలితో తొక్కి చూసేవాడన్నమాట. ఆయనకు ఆ ఊరి పేరు తెలియదు. నేను చెబితే, "మనకు గాలివాన చాల్లేరా, మంచెందుకు?" అన్నాడు. 1977 ఉప్పెన చూసినవాడు మరి.

రాత్రిళ్లు రెక్క కనపడదు కనుక దీపం. పొద్దు వాలుతుండగా కిరసనాయిలు పోసిన లాంతర్లు కావడిలా మోసుకొంటూ వెళ్లి, నిచ్చెన ఎక్కి, స్తంభానికి తగిలించి రావాలి. తెల్లవారాక దించాలి. రెక్కకు అంటిపెట్టుకొని కళ్లజోడులా రెండు అద్దాలుంటాయి. రెక్క కదిలితే అద్దం మారుతుంది, వెనక దీపం ఒకటే. ఒక అద్దం ఎరుపు. రెండోది ఆకుపచ్చ అని మీరనుకొంటారు, నేనూ అనుకొన్నాను. పగిలిన ముక్క ఒకటి మావయ్య నాకు ఆడుకోవడానికి ఇచ్చాడు. చూస్తే నీలం! నన్ను మోసం చేశాడని ఏడ్చాను. ఆ సాయంత్రం ఆయన ఆ ముక్కను వంటింట్లో బుడ్డిదీపం ముందు పట్టాడు. పచ్చగా వెలిగింది. కిరసనాయిలు మంట పసుపు కదా, దాని ముందు నీలం పెడితే ఆకుపచ్చ. ఆ ముక్క నా దగ్గర ఇంకా ఉన్నది. ఇప్పటి తెల్లని దీపాల ముందు పెడితే అది నీలంగానే ఉంటుంది. దాన్ని పచ్చగా చూడాలంటే కిరసనాయిలు కావాలి.

ఇంతవరకు రాసినది తీపి జ్ఞాపకం. తరువాతిది కాదు.

1996 జనవరిలో నాన్నకు బాగోలేదని హైదరాబాదుకు కబురు వచ్చింది. ఎదురింటివారి ఫోనుకు, రాత్రి ఎనిమిదిన్నరకు. అందిన బండి పట్టుకొని బయలుదేరాను. తెల్లవారుజామున ఒక పెద్ద జంక్షను బయట, ఔటరు దగ్గర, బండి ఆగింది. ఏ జంక్షనో ఇక్కడ రాయను. పొగమంచు. దూరాన ఎర్రదీపం, దాని వెనక స్టేషను దీపాల వెలుగు. నడిచి వెళ్లగలిగినంత దూరం. బండి గంటా పది నిమిషాలు ఆగింది. నేను తలుపు దగ్గర నిలబడి ఆ దీపాన్ని చూస్తూనే ఉన్నాను. జీవితంలో ఒక వస్తువును అంతగా ద్వేషించిన గుర్తు నాకు మరొకటి లేదు. కొందరు సామాన్లతో దిగి పట్టాల వెంట నడిచి వెళ్లిపోయారు. నేనూ దిగుదామనుకొన్నాను. దిగలేదు, దిగినా లాభముండేది కాదు, నేను చేరవలసినది ఆ స్టేషనుకు కాదు. తెనాలి చేరేసరికి రేపల్లె బండి వెళ్లిపోయి ఇరవై నిమిషాలు. బస్సులూ ఆటోలూ మారి ఇల్లు చేరేసరికి పదిన్నర. నాన్న తొమ్మిదింటికి పోయారు.

"నీకోసం అడిగాడు" అని మాత్రం అమ్మ అన్నది. తరువాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పన్నెండో రోజు రాత్రి అరుగు మీద మావయ్యా నేనూ మిగిలాం. లోపల ఉన్నదంతా ఆయన మీద కక్కాను. మీ రైల్వే, మీ దీపం, స్టేషను ఎదురుగా కనపడుతూంటే గంట సేపు ఆపడమేమిటి, మనిషన్నవాడు ఎవడూ లేడా అక్కడ... ఆయన మధ్యలో అడ్డురాలేదు. అంతా అయిపోయాక అడిగాడు.

"లోపల ఏం జరిగిందో నీకు తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు. డ్రైవరుకీ తెలియదు. తెలియనప్పుడే ఆ దీపం."

కాసేపటికి ఇంకొక సంగతి చెప్పాడు. ఇంట్లో ఎవరికీ తెలియనిది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక వానరాత్రి ఆయన తగిలించిన లాంతరు ఆరిపోయింది. వత్తి సరిగా కత్తిరించలేదు, మూత సరిగా బిగించలేదు. తప్పు తనదే. ఎర్రా లేదు పచ్చా లేదు, చీకటి స్తంభం. అటు ఒక ప్యాసింజరు వచ్చింది. దీపం ఉండవలసినచోట దీపం లేకపోతే దాన్ని ఎరుపుగానే ఎంచాలన్నది నియమం. ఆ డ్రైవరుకు ఆ చోట దీపం ఉండాలని గుర్తున్నది. ఆపాడు. ఈల వేసి వేసి, వానలో మనిషిని పంపించి, కనుక్కొని, ముప్పావుగంట తరువాత కదిలాడు. బండిలోవాళ్లు ఆ డ్రైవరును అమ్మనాబూతులు తిట్టారట. మావయ్యకు ఇరవై రూపాయలు జరిమానా వేశారు. ఆ రాత్రి స్టేషనులో ఒక గూడ్సు నిలబడి ఉన్నదని మర్నాడు తెలిసిందట.

"ఆయన ఆగాడు కాబట్టి ఇరవై రూపాయలతో పోయిందిరా అల్లుడూ" అన్నాడు మావయ్య. "తిట్టినవాళ్లలో కూడా ఎవరో నీలాంటివాడు ఉండే ఉంటాడు. అది నేను కాదనను."

నాకు ఆ మాటతో ఉపశమనం కలగలేదు. ఇప్పటికీ కలిగిందని చెప్పలేను. కానీ ఆయన దాన్ని తన తప్పుగా చెప్పిన తీరు మాత్రం నాలో ఉండిపోయింది.

2014లో ఉద్యోగరీత్యా కొన్ని నెలలు న్యూయార్కులో, క్వీన్స్‌లో ఉండవలసి వచ్చింది. ఫ్లషింగులో 1977లో ప్రతిష్ఠించిన గణేశాలయం ఉన్నది. తెలుగువాళ్లు, తమిళులు ఆదివారాలు అక్కడి భోజనశాలలో దోసెల కోసం వరుస కడతారు. అక్కడికి చేర్చే సబ్‌వే బండి 7వ నంబరుది. ఆ రోజుల్లో సిగ్నళ్లు మార్చే పని జరుగుతూ చాలా శని ఆదివారాలు ఆ దారిలో కొంత భాగం మూసి బస్సులు నడిపేవారు. వినాయకుడి గుడికి వెళ్లడానికే ఇన్ని విఘ్నాలా అని మావాళ్లు నవ్వుకొనేవారు. నాకు మాత్రం మావయ్య గుర్తొచ్చి విషయం ఏమిటో తెలుసుకోవాలనిపించింది.

తెలుసుకొన్నకొద్దీ అది మా రేపల్లె కథే. 1904లో మొదలైన ఆ సబ్‌వేలో, ప్రపంచానికి రాజధాని వంటి ఊరిలో, చాలా దారుల మీద ఇంకా 1930ల నాటి పద్ధతి సిగ్నళ్లే నడుస్తున్నాయి. కొత్త పద్ధతిలో బండి తానెక్కడ ఉన్నదో రేడియోతో నిరంతరం చెబుతూ ఉంటుంది. ముందరి బండికి ఎంత దగ్గరగా పోవచ్చునో కంప్యూటరు లెక్కగట్టి చెబుతుంది. అందువల్ల అవే పట్టాల మీద ఎక్కువ బండ్లు తిప్పవచ్చు. (2017లో మొదలైన మన హైదరాబాదు మెట్రో పుట్టుకతోనే ఈ పద్ధతిది. మూడేసి పెట్టెల 57 బండ్లు కొరియా కంపెనీ చేసినవి.) కానీ దారికి కొత్త సిగ్నలు పెడితే సరిపోదు. ఆ భాష తెలిసిన బండ్లే ఆ దారిలో తిరగాలి. అందుకని 7వ దారికి 126 పెట్టెలు కొత్తవి చేయించి, 380 పెట్టెలను పాతవాటినుంచి మార్చారు. ఆ పాతవి ఎక్కడివి? చాలామటుకు 6వ దారిలోవి. మరి 6వ దారివాళ్లకు? 7వ దారిలో అప్పటిదాకా తిరిగిన 1980ల నాటి పెట్టెలు వాళ్లకు వెళ్లాయి. అంటే పొరుగువాడి ఇంట్లో సిగ్నలు బాగుచేస్తే 6వ దారివాడికి అంతకంటే పాతబండి వచ్చింది. ఆ దారిలో ప్రయాణించేవారి ముఖాలు చూసినప్పుడు నాకు వేమూరు ప్లాట్‌ఫారం గుర్తొచ్చింది. అక్షరాల పేర్లున్న దారుల పెట్టెలు అంకెల దారుల్లోకి పట్టనే పట్టవు, అవి వెడల్పు. మా మీటరుగేజి కథ.

ఇంకొకటి చూశాను. అది నన్ను ఎక్కువ కలచివేసింది. పాతదే అయినా ఆ సబ్‌వే సిగ్నలుకు కింద, పట్టా పక్కన, చిన్న ఇనుప చెయ్యి ఒకటి ఉంటుంది. ఎరుపు ఉన్నంతసేపు అది లేచి ఉంటుంది. డ్రైవరు పొరపాటున దాటితే ఆ చెయ్యి బండి కింద ఉన్న బ్రేకు మీటకు తగిలి బండిని ఆపేస్తుంది. మన దేశపు పెద్దలైన్లలో చాలాకాలం అటువంటిది లేదు. ఎర్రదీపానికీ బండికీ మధ్య ఉన్నది ఒక మనిషి చూపు, ఒక మనిషి జ్ఞాపకం. వానరాత్రి మావయ్య చీకటి స్తంభం దగ్గర ఆగినది అదే.

మావయ్యకు ఫోను చేసి ఆ ఇనుప చెయ్యి గురించి చెప్పాను. "ఎన్నేళ్లయింది పెట్టి?" అని అడిగాడు. వందేళ్ల పైమాటే అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

2023 మనవాళ్లకు మంచి ఏడు కాదు. జూన్ 2న ఒడిశాలోని బహానగా బజార్‌లో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ పక్కదారిలోకి మళ్లి నిలిచి ఉన్న గూడ్సును గుద్దుకొన్నది. మూడువందలకు కాస్త తక్కువగా మరణించారు. సిగ్నలు పచ్చగానే ఉన్నది. పట్టా మాత్రం పక్కకు తిరిగి ఉన్నది. మరమ్మతులో తీగలు తప్పుగా కలపడమే మూలమని విచారణ తేల్చింది. బాపట్ల స్టేషనులో మేము నిలబడి గాలికి కళ్లు మూసుకొంటూ చూసిన బండి అది, మా ఊళ్లకు ఆగకుండా పోయే బండి. అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర విశాఖ-పలాస ప్యాసింజరును వెనకనుంచి రాయగడ ప్యాసింజరు గుద్దుకొన్నది. పద్నాలుగు మంది. అక్కడ ఆటోమేటిక్ సిగ్నళ్లు చెడిపోయి ఉన్నాయి. అటువంటప్పుడు సిగ్నలు దగ్గర రెండు నిమిషాలు ఆగి, ఆపైన గంటకు పది కిలోమీటర్ల వేగంతో పాకుతూ పోవాలన్నది నియమం. రాయగడ బండి అలా చేయలేదని ప్రాథమిక విచారణ చెప్పింది. ఆ బండి నడిపినవారు కూడా అందులోనే పోయారు. వారి పక్షం చెప్పడానికి వారు లేరు.

కవచ్ అని మనవాళ్లు ఒక రక్షణ వ్యవస్థ తయారుచేశారు. ఎర్రసిగ్నలు దాటబోయే బండిని తానే ఆపుతుంది. ప్యాసింజరు బండ్ల మీద దాని పరీక్షలు 2016లో దక్షిణమధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజనులను ఒకదానివైపు ఒకటి నడిపి చూపినప్పుడు రైల్వేమంత్రి స్వయంగా ఒకదానిలో కూర్చున్నారు. బండి తనంతట తాను ఆగింది. కంటకాపల్లి దారిలో అది అప్పటికి లేదు. ఇక్కడ కూడా బండ్ల పంపకం లెక్కే. దారి పొడవునా పరికరాలు ఉండాలి, ఆ దారిలో తిరిగే ప్రతి ఇంజనులోనూ ఉండాలి. ఒకటి ఉండి మరొకటి లేకపోతే రెండూ లేనట్టే. ముందు ఏ దారులకు, ఏ బండ్లకు అన్న ప్రశ్న వచ్చినప్పుడు, వేగంగా పోయే పెద్దలైన్లకే మొదటి పంక్తి. అది తప్పని అనను, మొదట ఎక్కడో మొదలుపెట్టాలి కదా. కంటకాపల్లిలో పోయినవారు రెండూ ప్యాసింజరు బండ్లవాళ్లని మాత్రం మరచిపోలేను.

ఆ వారం రేపల్లె వెళ్లాను. మావయ్యకు ఎనభై మూడేళ్లు. పేపరు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. చత్వారం వల్ల చదవలేడు, మనవరాలి చేత చదివించుకొన్నాడట, రెండుసార్లు. నన్ను చూసి "ఏరా, వచ్చావా" అన్నాడు. కంటకాపల్లి మాట నేను ఎత్తలేదు. భోజనాలయ్యాక తానే, దేనికీ సంబంధం లేనట్టు, "వాళ్లకు దీపం ఎలా కనపడిందో పాపం" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. రాత్రి నిద్రపోకుండా అటూ ఇటూ తిరగడం వినిపించింది.

మరుసటి ఏడు ఆయన పోయాడు. ఈసారి నేను దగ్గరే ఉన్నాను.

సంవత్సరీకాలకు వెళ్లినప్పుడు కావాలనే తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కాను. కరెంటు బండి. గిరాకీ తక్కువ వేళ కాబట్టి కిటికీ పక్క చోటు దొరికింది. కిటికీ రెక్క దించి, మళ్లీ ఎత్తి చూశాను. నిలిచింది. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన... వరికోతలైన పొలాలు, మినుము మొలకలు. రెక్క స్తంభం ఎక్కడైనా మోడుగానైనా మిగిలి ఉంటుందేమోనని దారంతా వెతికాను. ఒక్కటీ కనపడలేదు. కొత్త స్తంభాల మీద దీపాలు పట్టపగలే కళ్లలో గుచ్చుకొనేంత ప్రకాశంగా ఉన్నాయి. వాటి కోసం ఎవరూ నిచ్చెన ఎక్కనక్కరలేదు.

తిరుగు ప్రయాణానికి రేపల్లె ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. నన్ను తెచ్చిన బండే తిరిగి వెళ్లాలి. ఇటువైపు గదిలోనుంచి డ్రైవరు దిగి, తన పెట్టె పట్టుకొని, ప్లాట్‌ఫారం పొడవునా నడిచి అటువైపు గదిలోకి ఎక్కాడు. ఒకప్పుడు ఇంజను విప్పి, పక్కదారిలోనుంచి తిప్పి, మళ్లీ తగిలించడానికి పట్టిన కాలంలో పిల్లలం జామకాయలు కొనుక్కొని తినేసేవాళ్లం. ఇప్పుడు ఒక మనిషి నడిచినంత సేపే.

పక్కన బెంచీ మీద ఒక ముసలమ్మ ఉన్నది. గంపలో తాటిచాపలు, కళ్లకు పొరలు. నా చెయ్యి తట్టింది.

"సిగ్నలు పడిందా నాయనా?"

బండి అవతలి కొసకు చూశాను. దీపం ఎర్రగానే ఉన్నది. ఇంకా లేదమ్మా అన్నాను. ఆమె గంప మీద చెయ్యి వేసుకొని కూర్చున్నది. నేను దాన్నే చూస్తూ ఉన్నాను. కాసేపటికి మారింది.

"పడిందమ్మా" అన్నాను, లేచి గంపకు ఒక చెయ్యి వేశాను.